కడుగుతానంది, కడిగింది

హలో… ఆ, నేనేనండి బావగారూ. నా ఫోన్లో నేను కాక ఇంకెవరుంటారు.

… దారిలో ఉన్నాం. ఇబ్రహీంపట్నం దాటాం.

… దాటామంటే దాటామే. కొండపల్లి కూడా దాటాం. టీ తాగుదామని పక్కకి ఆపాను.

… ఆ, టీయే. మైలవరం బజారుకి నేనొక్కణ్ణి రాకపోతే ఆదివారం చేపలు అమ్ముడుపోవా? మీరున్నారుగా. మీ బండి ఉందిగా.

… కోపమేం లేదు. నా గొంతే అంత.

… కొండలమ్మా? ఇక్కడే. చింతచెట్టు కింద కూర్చుంది. … మీ చెల్లెమ్మకేం, బాగానే ఉంది. అటు తిరిగి కూర్చుంది, అంతే.

… బండికేమవుతుందండీ. బంగారంలాంటి బండి.

నువ్వుండవే. బావగారితో మాట్లాడుతున్నా.

… ఏం లేదు, ఐసు కరుగుతోందంటోంది. ఎండెక్కాక ఐసు కరక్క గడ్డకడుతుందా.

… ఊఁ.

… సరే గానీ, శౌరమ్మ వచ్చిందా బజారుకి?

… వచ్చిందా లేదా అంటే ఊఁ అంటారేంటి. వచ్చే ఉంటుంది. ఈమధ్య మీ బండి తలుపు తెరవకముందే గంప పట్టుకుని నిలబడుతోందిగా.

… ఏడుపు కాదండీ. జరుగుతున్నది చెబుతున్నా. ఎన్నేళ్ళు ఆవిడ బోణీ నా బండి దగ్గర చేసిందో మీకు తెలీదా? ముందొచ్చిన బండికే నా బోణీ అన్నది ఆవిడ పెట్టుకున్న మాట. ఆవిడ చెయ్యి పడిందంటే ఆ రోజు ఒక్క ట్రే మిగలదు. ముందొచ్చేది నేనే కాబట్టి ఆ మాట నాకు బాగుండేది. ఇప్పుడూ మాట మారలేదు. బండి మారింది.

… మీ తప్పని నేనన్నానా? అన్లేదు.

… అన్లేదు గానీ, మొన్న ఆదివారం ఆవిడేమందో విన్నారుగా. "ఎల్లారావూ, నీ శీలావతి చేప పొగ వాసనేస్తోందయ్యా" అంది. బజారు మధ్యలో. మీరు అటు తిరిగి నవ్వారు.

… దగ్గు కాదది. దగ్గయితే పొట్ట పట్టుకోరు.

… ఆ మాటకొస్తే మన మనవరాలు కూడా అంతే. నా కూతురి పురుడు మా ఇంట్లోనే పోశాం. భానుశ్రీ మా ఇంట్లో కళ్ళు తెరిచింది. ఇప్పుడేమో, "తాతయ్యా, నీ బండి దగ్గుతుంది, నేను ఆ తాతయ్య బండెక్కుతా" అంటోంది.

… పిల్ల మాటే. నేనూ పట్టించుకోలేదు. గుర్తుంది, అంతే.

… ఒకటడగనా?

ఆటోనగర్లో ఆ ఫ్లెక్సీ ఇంకా ఉందా?

… ఏ ఫ్లెక్సీ అంటారేంటి. వెంకటకృష్ణారావు నూనె కొట్టు మీదది. మీరు బండి మీద చెయ్యేసి నిలబడ్డది. నల్లద్దాలు పెట్టుకుని. ఎవరివా అద్దాలు?

… మా అల్లుడివా. దుర్గాప్రసాద్ అద్దాలు మీకు సరిపోయాయే.

… లేదు, బాగుంది. బస్సులోంచి చూశాను మొదట. అంతెత్తు బొమ్మలో మీ మొహం కనపడేసరికి, అయ్యో మా బావగారు పోయారా, నాకెవరూ కబురు చెయ్యలేదేంటి అనుకున్నాను. దండ ఉందా అని చూశాను.

… నవ్వుతారేంటి. గుండె జారిపోయింది నాకు.

… నిజంగానే. తర్వాత కింద రాసింది కూడబలుక్కుని చదివాను. మూడో తరగతి చదువుకి, బస్సు కదిలేలోపు ఆ ఒక్క వరసే వచ్చింది. "శివాజీగారి బండికి వయసు తగ్గింది." దాని పక్కన నూనె డబ్బా. అప్పుడు మళ్ళీ జారింది గుండె. ఇంకో రకంగా.

… అసూయ అంటే అసూయ అనుకోండి. మీ ఇష్టం. పిల్లల పెళ్ళయిన ఏడాది ఒకే రోజు కొన్నాం రెండు బళ్ళూ. ఒకే పసుపు రంగు. గుళ్ళో పూజారి ఒకే పళ్ళెంలో కుంకుమ తీసి రెండింటికీ బొట్టు పెట్టాడు. మీదానికేమో వయసు తగ్గింది. నాదానికేమో దగ్గొచ్చింది. ఎలాగా అని.

… ఊఁ.

… అసలా నూనె పనిచేస్తుందా?

… ఊరికే అడుగుతున్నా. డబ్బా మీద ఉంది కదా, పొయ్యండి చాలు, ఇంజన్ లోపలంతా కడిగేస్తుంది, పొగ మాయం అని. అది నిజమా, కొట్టువాళ్ళ మాటా అని.

… నాకు కాదు. తెలిసినాయన ఒకాయన అడగమన్నాడు.

… మీకు తెలీదు. గుడివాడాయన.

… పేరెందుకండీ. బండి మన మోడలే. … పాతదే, మన బళ్ళంత పాతది. … రంగా? రంగుకీ నూనెకీ సంబంధమేంటి?

… పసుపే.

… ఆ, పోశాడంట. ఈ వారంలోనే. తనే పోసుకున్నాడంట ఇంటి దగ్గర, ఎవరూ చూడకుండా.

… మెకానిక్ దగ్గరికి ఎందుకెళ్ళలేదంటే… వెళ్ళలేదు. ఆ మెకానిక్ ఇంకో ఆయన బండి కూడా చేస్తాడంట. ఆ ఇంకో ఆయనకి మెకానిక్‌ని చూపించింది ఈయనే. ఇప్పుడు ఆ బండి బాగుంది, ఈ బండి బాలేదు. వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడి, ఆయనకి చేసిందే నాకూ చెయ్యమని అడగాలి. మీరైతే అడుగుతారా?

… అడుగుతారా. సరే. ఆయన అడగలేదు.

… మెకానిక్ పేరు జోయెల్.

… ఎందుకుండడండీ, గుడివాడలో కూడా ఉంటాడు. జోయెల్ అన్నవాళ్ళంతా ఆటోనగర్లోనే పుట్టాలా?

… మొదట్లో బ్రహ్మాండం అన్నాడు. మర్నాటికే ఇంజన్ గొంతు సన్నబడిందంట. పొగ కూడా పల్చబడ్డట్టు కనపడిందంట. … వాళ్ళావిడకి కనపడలేదు. ఆయనకి కనపడింది. పొద్దున లేవగానే బండి స్టార్ట్ చేసి వెనక్కెళ్ళి నిలబడేవాడంట. మళ్ళీ సాయంత్రం. ఎవరైనా అడిగితే బాగుండు, ఏం పోశావు ఎల్లా— ఏం పోశావు బాబూ అని. బజార్లో డ్రైవర్లు మీ చుట్టూ చేరి అడుగుతారు చూడండి, అలాగ. ఎవరూ అడగలేదు. ఫ్లెక్సీ మీద తన బొమ్మ ఉంటే ఎలా ఉంటుందో కూడా అనుకున్నాడంట. అద్దాల్లేకుండా.

… నేను నవ్వట్లేదు. మీరే నవ్వుతున్నారు.

… తర్వాతా? ఇవాళ దారిలో టకటకా చప్పుడు మొదలైంది. మంచం కోడు వదులైనట్టు. వెంటనే ఎదర నూనె బొమ్మ ఎర్రగా వెలిగింది. మైలవరం ఎంతదూరంలే, పోనిద్దాం అనుకున్నాడు. వాళ్ళావిడ చెయ్యి పట్టుకుని ఆపించింది. ఆపించిందంట.

… గుడివాడాయనకి మైలవరంలో ఏం పనంటారా.

…

… ఉండకూడదా పని.

… ఇదివరకా? నూనె పోస్తూనే ఉండేవాడు. తగ్గిందనిపించినప్పుడల్లా కాస్త పోసేవాడు. … పాతదా? పాతది లోపలే ఉండేది. ఎక్కడికి పోతుంది.

… మొత్తం తీసెయ్యాలా? ఎందుకండీ? నల్లబడితే చిక్కబడిందని అర్థం. చేపల పులుసు చూడండి. పొయ్యి మీదనుంచి దించింది దించినట్టు తింటే ఏముంటుంది. మర్నాటికే కదా ముక్కకి పట్టేది. ఉన్నదాన్ని పారబోసి మళ్ళీ వండుకుంటారా ఎవరైనా?

… జోయెల్ అలాగే అంటాడు. "ఇంజనంటే పులుసు దాక కాదు బాబాయ్" అంటాడు. నాకూ చెప్పాడు ఒకసారి. పిల్లాడు, వాడికేం తెలుసనుకున్నా.

… ఊఁ. చెప్పండి, వింటున్నా.

… ఏళ్ళ తరబడి తియ్యకపోతే లోపల మడ్డి పేరుకుంటుంది. సరే. … ఆ నూనె వెళ్ళి మడ్డిని పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తుంది. సరే. … ఆ పెచ్చులు కిందికి జారి, నూనెని పైకి లాగే చోట జాలీ ఉంటుంది, దానికి అడ్డం పడతాయి. … వలకి నాచు పట్టినట్టు. ఊఁ, అర్థమైంది. ఇంక నూనె పైకెక్కదు. ఎర్ర దీపం.

… అయితే ఆ డబ్బా అబద్ధమాడలేదన్నమాట. కడుగుతానంది, కడిగింది. కడిగిన మడ్డి ఎటు పోతుందో చెప్పలేదు.

… చిన్నక్షరాల్లో ఉందా? పాత బండైతే ముందు మెకానిక్‌కి చూపించమనా? చిన్నక్షరాలు ఎవరు చదువుతారండీ. ఆయన చదువు పెద్దక్షరాల దాకే.

… మరి మీ బండిలో ఎందుకు అడ్డం పడలేదు? అదే నూనె కదా.

… అల్లుడు టైముకి పాత నూనె తీసి కొత్తది పోయించేవాడు. ఊఁ. లోపల కడగడానికి పెద్దగా ఏం లేదు. … ఉన్న కాస్తా మెల్లగా వదిలింది, మార్చినప్పుడల్లా కొంచెం. అంటే కడిగిన ఇల్లే మళ్ళీ కడిగింది. సరే, అది బాగుంది. మరి పొగ? పొగ కూడా దానికే పోయిందా?

… ఏంటి, గొంతు తగ్గించారు.

… ఇంజన్లో రింగులు అరిగి పొగొస్తే నూనె ఏం చెయ్యలేదు. అది తెలుసు నాకూ. పళ్ళపొడికి ఊడిన పన్ను మొలవదు. నేనడిగేది మీ పొగ గురించి. శ్రావణం దాకా మీదీ నాదీ పక్కపక్కన నిలబెడితే ఎవరి పొగ ఎవరిదో తెలిసేది కాదు. ఉన్నట్టుండి మీది పోయింది.

…

… బావగారూ, ఉన్నారా?

…

… ఇంజన్‌కి బోరు చేయించారా.

… ఇంజన్ మొత్తం దింపి. రింగులు మార్పించి. ఆ తర్వాత ఈ నూనె పోశారు. ఆ తర్వాత ఫొటో దిగారు.

… వెంకటకృష్ణారావు అడగలేదు. ఏ నూనె పోస్తున్నారంటే ఈ నూనె అన్నారు, నిజమే కదా. బోరు సంగతి ఆయన అడగలేదు, మీరు చెప్పలేదు. … కెమెరా ముందు నిలబడ్డాక నోరు రాలేదా. నల్లద్దాలు పెట్టుకున్నాక అసలు రాదు.

… ఆయనంటే కొట్టు పెట్టుకున్నాడు. నాకెందుకు చెప్పలేదండీ? నేను మీ వియ్యంకుణ్ణి. బండికేం చేయించారు బావగారూ అని నోరు తెరిచి అడిగాను. నేను అడగడమే ఎక్కువ. "ఏముందీ, నూనె మార్చాను" అన్నారు. శౌరమ్మ ముందర. ఆ ఒక్క మాట పట్టుకెళ్ళి నా బండిలో డబ్బా బోర్లించాను. ఇప్పుడు చూడండి, నా చేపలు రోడ్డు పక్కన…

…

… ఆ. నా బండే. గుడివాడాయన ఎవరూ లేరు.

… పసుపు అన్నప్పుడే తెలిసిందా. సరే. మాట మార్చకండి. నాకెందుకు చెప్పలేదు?

… ఏంటి?

… వినపడలేదు. మళ్ళీ చెప్పండి.

… సిగ్నల్ బాగానే ఉంది. మళ్ళీ చెప్పండి అంటున్నా.

… శౌరమ్మ ప్రతి ఆదివారం నా దగ్గరే బోణీ చేస్తుంటే, మీకు కడుపు మండేది.

… అన్నేళ్ళూనా? ఎప్పుడూ బయటపడలేదే. నా ట్రేలు దించడానికి చెయ్యందించేవారు కదా. … చెయ్యందిస్తూనే మండేదా. అందుకని బోరు సంగతి దాచారు. చెబితే నేనూ చేయిస్తానని.

… చేయించేవాణ్ణే. మర్నాడే.

… లేదు, కోపం లేదు. ఏమోనండీ. ఛాతీ మీద ఐసు గడ్డ పెట్టినట్టు చల్లగా ఉంది. ఈ జబ్బు నాకొక్కడికే ఉందనుకున్నా ఇన్నాళ్ళూ.

… అలాగని ఆ ఫ్లెక్సీ సంగతి వదల్లేదు. నాలాంటివాళ్ళు ఇంకెంతమంది చూసి డబ్బాలు బోర్లించారో. దింపించండి. … ఆయన దింపడా? అయితే కింద ఇంకో వరస రాయించండి. పాత బండైతే ముందు మెకానిక్‌కి చూపించండి అని. పెద్దక్షరాల్లో.

… ఇవాళే చెబుతారా. సరే.

… మీ పక్కన ఖాళీ ఎంతుంది ఆ ఫ్లెక్సీలో? ఊరికే అడిగాను.

… ఇప్పుడేం చెయ్యాలో నాకూ తెలీదు. స్టార్ట్ మాత్రం చెయ్యను. తాళం చెవి కొండలమ్మ కొంగున ముడేసుకుంది, అడిగినా ఇవ్వదు. ఐసు సగం నీళ్ళయింది. వెనక తలుపు కింద ధార కడుతోంది. … బొచ్చెలు పెద్దవి దొరికాయండీ ఇవాళ. మొప్ప ఎత్తి చూస్తే మందారం రంగు. ఇవాళే ఇలా కావాలి. మీవి ఏపాటివి?

… మీవీ పెద్దవేనా. సరే.

… వద్దండీ. మీరు బజారు వదిలి రావడమేంటి. శౌరమ్మ గంప పట్టుకుని నిలబడుంటే. మీ బోణీ పోతుంది. నేనేదో ఆటో చూసుకుంటా, రెండు మూడు తిప్పులు వేస్తే…

… ఆ చప్పుడేంటి?

… లారీ హారనది. బజార్లోకి లారీ ఎందుకొచ్చింది? అసలు ఇందాకట్నుంచీ బజారు గోలే లేదు మీ వెనకాల. శౌరమ్మ బేరమాడితే ఇక్కడిదాకా వినపడాలి.

… బావగారూ, మీరెక్కడున్నారు?

… జి.కొండూరు దాటారా. ఎటు? ఇటా?

… ఎప్పుడు బయల్దేరారు? … నాకు ఫోన్ చెయ్యకముందే. ఎవరు చెప్పారు మీకు?

… కనకదుర్గ. మా అమ్మాయికి ఎవరు చెప్పారంట?

…

కొండలమ్మా. ఇటు తిరుగు. అమ్మాయికి ఫోన్ చేశావా నువ్వు?

… తిరగట్లేదు. చేసింది. భుజాలు ఊగుతున్నాయి, నవ్వుతోంది.

… అంటే నేను టీ అన్నప్పుడు మీకు తెలుసు. గుడివాడాయన అన్నప్పుడూ తెలుసు. తెలిసి కూడా రంగేంటని అడిగారు చూడండి, అది మాత్రం బాలేదండీ.

… జోయెల్‌కి కూడా చెప్పేశారా. ఏమన్నాడు? … ఎర్ర దీపం వెలగ్గానే ఆపేసుంటే ఇంజన్ బతికే ఉంటుందన్నాడా. కింద నూనె ఉండే చాంబర్ విప్పి, జాలీ కడిగి, పాత మడ్డంతా తీసి చూస్తానన్నాడు. ఊఁ. … ఆపింది కొండలమ్మే. ఆ సంగతి ఆవిడ దగ్గర ఎత్తకండి. … ఎత్తుతారా. మీ ఇష్టం.

… పులుసు సంగతి చెప్పకండి వాడికి.

… మరి మీ ట్రేలు? దించేసి వస్తున్నారా?

… దించలేదా. బజారు గేటు దాకా వెళ్ళి బండి తిప్పేశారా. శౌరమ్మ చూసిందా? … చూసి ఏమంది?

… "ఆయన్ని తీసుకురా, అందాకా గంప బోర్లించే ఉంచుతా" అందా. ఆయన్ని అందా, ఎల్లారావుని అందా?

… ఎల్లారావుని తీసుకురా అంది. పేరు పెట్టి. ఇంకో బండేదీ రాలేదా బజారుకి? … వచ్చాయా. వచ్చినా బోణీ చెయ్యకుండా బోర్లించే ఉంచిందా.

…

… ఉన్నా, ఐసు మీద గోనె సర్దుతున్నా.

… బావగారూ, ఒక మాట. మీ ట్రేలు ఎక్కడిదాకా ఉన్నాయి బండిలో? కాస్త లోపలికి జరపండి. నావి తలుపు దగ్గర పెడదాం. ఆఖర్న ఎక్కించాలి నావి.

… ఎందుకేంటండీ, చేపల బండి తోలుతూ. ఆఖర్న ఎక్కింది ముందు దిగుతుంది.

… ముందే జరిపారా? తలుపు దగ్గర చోటు వదిలే వస్తున్నారా?

… అల్లుడు జరిపాడా, మీరు జరిపారా?

… మీరే.

…

… ఒక్క క్షణం ఆగండి. అలాగైతే… ముందు మీ ట్రే ఒకటి దింపుదాం. శౌరమ్మ చెయ్యి దాని మీద పడనివ్వండి. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు కదా మీరు.

… లేదు. వద్దు. నోరు జారింది. ముందు నాదే దిగాలి. శ్రావణం నుంచీ మీదే దిగింది.

… నవ్వండి, నవ్వండి.

… ఆ, కనపడుతున్నారు. మలుపు దగ్గర, పసుపు బండి. కిటికీలోంచి చెయ్యి ఊపేది భానుశ్రీయేనా? ఎవరి ఒళ్ళో కూర్చుంది?

… మీ ఒళ్ళోనా. తోలేది అల్లుడేగా. సరే. మైలవరం వెళ్ళేటప్పుడు నా ఒళ్ళో.

… ఎటు చూస్తున్నానా? మీ బండి వెనకాల చూస్తున్నా.

… పొగ ఉందేమోనని.

… లేదు. ఇంత కూడా లేదు.

… ఉంటానండి.